వంటింటి కాపలా

వంటింట్లోకి రాగానే స్వప్న చూపు ముందు వైర్ల మీదికి పోతుంది.

కెటిల్ వైరు గట్టు అంచు దాటి వేలాడుతోందా? రైస్ కుక్కర్ గోడకు ఆనుకునే ఉందా? పొయ్యి మీది గిన్నెల కాడలు లోపలి వైపు తిరిగి ఉన్నాయా? అన్నీ చూసుకున్నాకే పొయ్యి వెలిగిస్తుంది.

అక్షయ్‌కు రెండేళ్లు. నడక రాగానే నడవడం మానేసి ఉరకడం మొదలుపెట్టాడు. అందినదల్లా గుంజాలి. మెరిసేదల్లా ముట్టుకోవాలి. నిన్న లేని బుద్ధి ఇవాళ పుట్టుకొస్తుంది వాడికి.

మొదట్లో ఆమెకు ఇంత భయం లేదు. మొన్నటి ఎండాకాలం ఓదెలు మనవణ్ణి చూసొచ్చాకే పట్టుకుంది. ఓదెలు సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే తెలిసిన మనిషి. చాయ్ కోసం కాగుతున్న కెటిల్‌ను ఆ పసివాడు వైరు పట్టి మీదికి లాక్కున్నాడు. దవాఖానలో అరటాకు పరిచి పడుకోబెట్టారు. ఏడ్వడానికి ఓపిక లేక మూలుగుతున్నాడు. చూడ్డానికి పోయిన స్వప్న ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడే ఈ వంటింటిని తిరగేసింది. కింద ఉండే కుక్కర్‌ను గట్టు మీదికి ఎక్కించింది. కెటిల్ వైరును చుట్టి రబ్బరు వేసింది. గుమ్మానికి అడ్డంగా ఒక చెక్క నిలబెట్టింది. గట్టు ఎత్తుగా ఉంది, ప్లగ్గు గోడకు ఇంకా పైన ఉంది. ఒకే గదిలో వండుకుని అక్కడే పడుకునే వాళ్లకు ఈ వీలు ఎక్కడిది?

ఆ పొద్దున ప్రేమలత హడావిడిగా చెప్పులు తొడుక్కుంటోంది. ఆమె గంభీరావుపేట బళ్లో టీచరు. బస్సు తప్పితే మళ్లీ ఆటో వెతుక్కోవాలి.

“స్వప్నా, పోతున్న. వీడు వంటింట్లకు రావద్దు, సూడు. పొయ్యి కాడ ఫోన్ ముట్టకు.”

“ముట్టనక్కా. రంది వెట్టుకోకు, నేనున్న గదా.”

ప్రేమలత వాడి బుగ్గ గిల్లి బయల్దేరింది. అక్షయ్ ఏడ్వలేదు. స్వప్న మెడను ఒక చేత్తో చుట్టుకుని, రెండో చెయ్యి ఊపాడు.

ఫోన్ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంతకుముందు ఒకసారి ఫోన్‌లో మాట్లాడుతూ ఇటు తిరిగేలోపు వాడు ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి పెట్టబోయాడు. అప్పటి నుంచి వంట అయ్యేదాకా ఫోన్ ముందు గదిలో అలమర మీదే ఉంటుంది.

పప్పు ఉడుకుతుండగా అది మోగింది. చెక్క మీంచి తొంగి చూసింది. తెర మీద అత్త పోచవ్వ పేరు. అత్త ఫోన్ చేస్తే ఏముంటుంది? గోలీలు ఏ డబ్బాలో పెట్టినవ్, చక్కెర ఎక్కడున్నది, ఇవే. వంట కానియ్ అనుకుంది.

మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది.

“ఏందత్తా, జరసేపు ఆగరాదు!” తనలో తనే విసుక్కుంది.

అక్షయ్ పాలకని కెటిల్‌లో నీళ్లు పెట్టింది. నీళ్లు సలసల మసులుతున్నాయి. పప్పు పొంగితే మంట తగ్గించడానికి అటు తిరిగింది. అంతే.

వెనక ప్లాస్టిక్ స్టూలు నేల మీద రాసుకున్న చప్పుడు. తిరిగి చూసేసరికి చెక్క పక్కకు పడి ఉంది. అక్షయ్ స్టూలెక్కి నిలబడ్డాడు. కెటిల్ పిడి వాడి చేతిలో ఉంది. అది ముందుకు ఒరుగుతోంది.

స్వప్న ఆలోచించలేదు. ఒక చేత్తో వాణ్ణి పొట్టకు అదుముకుని, రెండో చెయ్యి అడ్డం పెట్టింది.

మసిలే నీళ్లన్నీ ఆ చేతి మీద పడ్డాయి.

ముందు వాణ్ణి చూసుకుంది. వేళ్లు చూసింది. పాదాలు చూసింది. అంగీ ఎత్తి పొట్ట చూసింది. ఒక్క చుక్క పడలేదు. అప్పుడు కూలబడి ఏడ్చింది.

“వద్దంటే వినవేందిరా? నీకేమన్నయితే నా మొకం ఎవ్వలకు సూపియ్యాలె?”

వాడు ఆమె ఎర్రబడ్డ చెయ్యి చూశాడు. “చుర్ చుర్,” అన్నాడు. కాలుతుందని చెప్పడానికి ఆ మాట నేర్పింది స్వప్నే. ముద్దిచ్చి నల్లా కింద చెయ్యి పెట్టింది. చల్లటి నీళ్లు పడుతుంటే ప్రాణం కాస్త కుదుటపడింది. మోచేతి దాకా తోలు బొబ్బలెక్కుతోంది. ఎక్కనీ. ఈ చెయ్యి మానుతుంది. వాడి మీద పడి ఉంటే?

దేవుడు చల్లగా చూశాడనుకుంది. ఇన్నాళ్ల భయం ఊరికే పోలేదు. ఆ క్షణంలో తాను అక్కడ ఉండబట్టే కదా!

ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.

ఈసారి పొయ్యి కట్టేసింది. ప్లగ్గు పీకింది. అక్షయ్‌ను చంకనేసుకుని ముందు గదిలోకి వచ్చింది. ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది. తడి చేత్తోనే ఫోన్ ఎత్తింది.

“అత్తా, పెద్ద గండం గడిసిందే ఇయ్యాల...” అంటూ నవ్వబోయింది.

“ఎన్నిసార్లు జేసిన్నే, గా టీచరమ్మ కొడుకును ఎవ్వలకన్న అప్పజెప్పి దవాఖానకు ఉరికిరా, నీ బిడ్డ ఉడికే కుక్కర్ మీద వడి ఒళ్లంత కాలింది!” అంది పోచవ్వ.