పొద్దున ఆరింటికి లేవని సర్వర్

వాచ్‌మన్ మెయిన్ స్విచ్ వేశాడు. కంప్యూటర్ ఆపరేటర్ పవిత్ర ముందున్న స్క్రీన్ నల్లగానే ఉంది.

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఓనరు గదిలోని సర్వర్ లేస్తేనే బ్యాచ్ నంబరు పడుతుంది. నంబరు పడితేనే కాయ లోపలికి పోతుంది. గేటు బయట ట్రాక్టర్ల హారన్లు.

తొమ్మిదింటికి ఓనరు మునిచంద్ర వచ్చాడు. గది తెరిచి లోపలికి పోయాడు. నిమిషంలో సర్వర్ లేచింది.

"నా చెయ్యి పడితే లేస్తాది. నువ్వు మూడు గంటలు కూసున్నా లేయదు. ఏం చదివినావమ్మా? రేపు గూడా ఇట్లనే ఉంటే ఇంటికాడే ఉండిపో."

ఆ ఇంటికి పవిత్ర జీతమే దిక్కు.

మధ్యాహ్నం శ్రీ సిటీ నుంచి గిరిప్రసాద్ దిగాడు. పెద్ద ఎక్స్‌పర్టట.

"ఏ ఎదవ చేసినాడన్నా ఇది? సగం డేటా ఒక డిస్కులో, సగం ఇంకోదాంట్లో. రెండూ కలిస్తేనే పని. కరెంటు రాంగానే ఆ రెండిట్నీ కలపమని యాడా రాయలే!"

రాశాడు. సర్వర్ లేచేటప్పుడు ముందుగా చదివే బూట్ ఇమేజ్‌ను మళ్లీ కట్టాడు. మూడుసార్లు మెయిన్ తీసి వేశారు. మూడుసార్లూ సర్వర్ తనంతట తానే లేచింది.

"సూడు, పనంటే అదీ!" అన్నాడు మునిచంద్ర.

"సార్, మరి పగలంతా బాగుండి పొద్దున్నే ఎందుకు లేయదు?" అంది పవిత్ర.

"నువ్వు కీబోర్డు తుడువు తల్లీ, చాలు." ఇద్దరూ నవ్వారు.

సాయంత్రం అందరూ వెళ్లాక ఎప్పటిలాగే ఓనరే మెయిన్ తీసి, గదికి తాళం వేశాడు.

మర్నాడు ఆరింటికి స్క్రీన్ నల్లగా ఉంది.

చిత్తూరు లాడ్జిలో ఉన్న గిరిప్రసాద్ పరుగెత్తుకొచ్చాడు. గదికి తాళం. చెమట తుడుచుకుంటూ పవిత్ర వైపు వేలు చూపించాడు. "ఈమే ఏదో కెలికింది."

ఆ మాటే ఫోన్‌లో విని ఓనరు కూడా వచ్చి కారు దిగాడు.

"నిన్ననే చెప్పినా గదా? సంచి తీసుకో, బయల్దేరు. నీయట్లాంటోళ్లు పదిమంది దొరుకుతారు నాకు!"

పవిత్ర కళ్లు తుడుచుకునేలోపే మునిచంద్ర గది తెరిచి, డేటాలో ఒక సగం ఇంట్లో ఉంటే దొంగకు రెండో సగం పనికిరాదని రోజూ సాయంత్రం పీక్కుపోయి బీరువాలో దాచుకునే డిస్కును చేతిసంచిలోంచి తీసి, తిడుతూనే సర్వర్‌లోకి తోశాడు.