నిత్య విద్యార్థి ఉదయభాను

“ఏటండీ, పాఠం వింటాననేసి సంచీ పట్టుకుని బయల్దేరినారు?” అనసూయ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“వింటూనే ఉన్నాను కదే!” ఉదయభాను చొక్కా జేబు తట్టి చూపించాడు. జేబులో ఫోను, ఫోనులో వెబినార్. కెమెరా బంద్, మైకు బంద్. చెవులకు శ్రమ ఎందుకని సౌండు కూడా బంద్.

ఆయనగారు కాలేజీ లైబ్రేరియన్. లోకంలో విజ్ఞానం రోజురోజుకీ పెరిగిపోతోంది కాబట్టి లైబ్రేరియన్లు కూడా దాంతోపాటు పెరగాలని పైవాళ్ళ ఉత్తర్వు. పాపం, ఉదయభాను పెరగడానికి ఏనాడూ వెనకాడలేదు. డిజిటల్ లైబ్రరీల మీద వెబినార్ జరుగుతుండగా క్షవరం చేయించుకున్నాడు. కృత్రిమ మేధ మీద జరుగుతుండగా కమ్మగా కునుకు తీశాడు. ఏదీ వదల్లేదు. వెబినార్ అన్న మాట కంటపడితే చాలు, మెయిల్ పూర్తిగా చదవకుండానే ‘తప్పక వస్తాను, ధన్యవాదాలు’ అని జవాబు కొట్టేసేవాడు.

ఇవాళ్టిది మాత్రం ప్రాణం మీదకొచ్చిన వ్యవహారం. ప్రమోషన్‌కి ఒక్క సర్టిఫికెట్టు తక్కువైంది. రేపటిలోగా అది ఇవ్వకపోతే పెద్ద కుర్చీ కాస్తా నిన్నగాక మొన్న చేరిన ప్రశాంత్‌కి పోతుంది. ఆ కుర్రాణ్ణి ‘సార్’ అని పిలవాల్సి వస్తుందన్న ఊహకే ఉదయభానుకి అన్నం సహించడం లేదు.

“అంత కావాల్సినదైతే ఈ ఒక్కటైనా కూర్చుని వినరాదా?” అంది అనసూయ.

“విన్నందుకు కాదే పిచ్చిదానా, ఉన్నందుకు ఇస్తారు సర్టిఫికెట్టు. నెట్టు పోకుండా దేవుడికి దణ్ణం పెట్టుకో, చాలు.”

తాల్‌బగీచాలోని ఇంటి నుంచి ప్రేమ్ బజార్‌లో కూరల అంగళ్ళ దాకా సైకిలు తొక్కుతూ, మధ్యమధ్య ఆగి ఫోను చూసుకున్నాడు. తెరమీద తన పేరు భద్రంగానే ఉంది. హమ్మయ్య!

కూరల దగ్గర బేరమాడుతుంటే జేబు కాలిపోవడం మొదలెట్టింది. ఫోను తీసి ఊదుకుంటుంటే, నిప్పంటుకుందా ఏమిటని కూరలవాడు నవ్వాడు. “దాదా, ఫోన్ మే ఆగ్ లగీ క్యా?”

“పఢాయీ చల్ రహీ హై, భాయ్,” అని, చదువు సాగుతోందన్నట్టు గంభీరంగా చెప్పాడు ఉదయభాను.

తెరమీద చూస్తే పొగడ్తల వాన కురుస్తోంది. ‘అద్భుత ప్రసంగం!’ ‘మా కళ్ళు తెరిపించారు!’ తాను వెనకబడితే ఎలా? ఒక చేత్తో సంచీ పట్టుకుని, రెండో చేత్తో ‘నా సర్వీసులో ఇంత లోతైన ఉపన్యాసం వినలేదు’ అని కొట్టాడు. వెంటనే దానికి బోలెడు చప్పట్లు పడ్డాయి. చదువుకున్నవాళ్ళ మధ్య ఉంటే ఆ గౌరవమే వేరు అనుకుని, మురిసిపోతూ ఇంకో గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వేయించుకున్నాడు.

ఇంటికొచ్చి సంచీ దించాడో లేదో ఫోను మోగింది. అవతల, ఇవాళ్టి వెబినార్ నడిపించిన వేరే కాలేజీలో లైబ్రేరియన్ మీనాకుమారి.

“నమస్తే సార్. విన్నవాళ్ళందరికీ సర్టిఫికెట్లు పంపించేసినాను. మీకు మాత్రం కుదరదండీ.”

ఉదయభాను ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. పట్టేసింది మహాతల్లి! ప్రశాంత్ ఆ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టే కనిపించింది.

“అదేటి మేడం! మొదట్నించీ చివరిదాకా ఉన్నాను కదా!”

“ఉన్నారు సార్, నేను కాదన్నానా? నేనూ కుర్చీలోంచి కదలకుండా మొత్తం విన్నాను. మీరు వినలేదు కదా మరి?”

“ఒట్టండీ! ఒక్క ముక్క వదల్లేదు. ఆ మహానుభావుడు మాట్లాడుతుంటే కళ్ళంట నీళ్ళు కారినాయి. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి!”

అనసూయ మొహం తిప్పేసుకుంది. అవతల మీనాకుమారి పడీపడీ నవ్వింది.

“భలేవారే! ఇవాళ మాట్లాడింది మీరే కదా సార్!”