మడ్‌గార్డుకు రాసుకునే టైరు

"ఎడమ దిక్కు వెనుక టైరు ఇంకా రాసుకుంటాంది సేటూ," అన్నాడు మెకానిక్ మొగిలయ్య, కారు కింద నుంచే.

లక్ష్మీనారాయణ కూర్చున్న చోటు నుంచి లేచాడు. వరంగల్ బజారులో ఇత్తడి గిన్నెల దుకాణం ఆయనది. గిన్నెకు ఎంత సొట్ట పడినా చిటికెలో సరిచేయగలడు గానీ, ఈ పాత అంబాసిడర్ టైర్ల గొడవ ఆయనకు అంతుచిక్కడం లేదు. పొద్దున్నే హనుమకొండలోని ఈ షెడ్డుకు వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నం ఇదే కారులో బామ్మర్ది పెళ్లికొడుకై హసన్‌పర్తికి బయలుదేరాలి.

పెళ్లికూతురి వాళ్లకు ఆ మాట ఇచ్చింది లక్ష్మీనారాయణ భార్య సుగుణ. కారు దారిలో ఆగితే ఏం చేస్తుందో కూడా ముందే చెప్పి పెట్టింది.

"మా తమ్ముడు నడిచిపోతే నేనూ నడిచే పోత. మా అవ్వగారింటికి. మళ్ల మీ గడప తొక్క."

పన్నెండేళ్ల కాపురంలో ఆవిడ అన్న మాట తప్పింది లేదు. అదే ఆయన భయం.

"అసలు గింత పెద్ద టైర్లు ఎవలు వెయ్యమన్నరు సేటూ?" మొగిలయ్య బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"మా యాకయ్యే. పెద్ద చక్రాలైతే బురదల దిగబడయి, ఉరుకుడు సులువైతదన్నడు. ముప్పై ఏండ్ల సంది తోలుతాండు, వానికి తెల్వదా అనుకున్న."

"మరి మొన్న ఏమైంది?"

"మా అత్తను ఎక్కించుకొని ములుగు రోడ్డు మీద పోయినం. ఆమె బరువుకు వెనుక కుంగి, టైర్లు పోయి మడ్‌గార్డుకు పట్టుకున్నయి. కర్రుమని ఒకటే చప్పుడు. గుంజలేక నడి తొవ్వల నిలబడ్డయి. నీళ్లు పట్టించి, అర్ధగంట ఆగినంక కదిలినయి."

"వేడెక్కినయి మరి. పాపం, ఎంతని గుంజుతయి," అన్నాడు మొగిలయ్య.

జాకీతో కారు లేపి, టైరు పైన ఉన్న రేకు అంచును కొయ్య సుత్తితో లోపలికి మడవడం మొదలుపెట్టాడు. లక్ష్మీనారాయణ చూస్తూ ఊరుకోలేక తానూ ఒక సుత్తి అందుకుని, అవతలి పక్క నాలుగు దెబ్బలు వేశాడు. నున్నగా ఉన్న రేకు కాస్తా గుంటపడింది.

"ఇది బిందె గాదు సేటూ. మీరు జర కూసోండి," అని సుత్తి లాక్కున్నాడు మొగిలయ్య.

అంచులు మడిచాక కారు కిందికి దించారు. ఖాళీ కారును తోసి చూస్తే చప్పుడు లేదు. బరువు పడితేనే అసలు సంగతి తెలుస్తుందని మొగిలయ్య ఎదురు హోటల్ రాయమల్లును కేకేశాడు. చాయ్ గ్లాసులు చేతుల్లో ఉండగానే రాయమల్లూ, మరో నలుగురూ వచ్చి కారెక్కి కూర్చున్నారు. వెనుక నుంచి తోస్తే కర్రుమంది.

"పెట్రోల్ ధర గిట్ల మండిపోతాంటే, దీన్నెట్ల సాకుతానవు సేటూ?" అని కిటికీలోంచి అడిగాడు రాయమల్లు.

"సాకుడు కష్టమే. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి కావాలె," అన్నాడు లక్ష్మీనారాయణ దిగులుగా.

మొగిలయ్య తుమ్మచెక్కలు కోసి, వెనుక కమాను పట్టీలకూ ఇరుసుకూ మధ్యన బిగించాడు. కారు వెనుక భాగం జానెడు లేచింది. మళ్లీ తోశారు. చప్పుడు లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మాత్రం ముందు టైరు రేకుకు రాసుకుంది. అంత దూరం తిరగకుండా అక్కడ రెండు బోల్టులు అడ్డం పెట్టాడు.

"ఇగ మలుపు కాడ పెద్దగ తిప్పుకోవాలె. ఇరుకు సందులకు పోనియ్యకుండ్రి."

"పోనియ్య. రాసుకోకుంటే సాలు."

"అయితే మేమూ పెండ్లికొస్తం. సీట్లు మంచిగున్నయి," అన్నాడు రాయమల్లు లోపల నుంచి. వాళ్లను దింపడానికి రెండో విడత చాయ్ హోటల్లోనే ఇప్పిస్తానని లక్ష్మీనారాయణ చెప్పాల్సి వచ్చింది.

పన్నెండింటికి రిక్షాలు వచ్చాయి. బాసికం కట్టుకున్న బామ్మర్ది, సుగుణ, అత్తగారు కట్టమ్మ దిగారు. అసలు పరీక్ష కట్టమ్మదే. ఆవిడ వెనుక సీట్లో కూర్చోగానే కారు కిందికి వంగింది. లక్ష్మీనారాయణ వంగి టైరు పక్కన చెవి పెట్టాడు. ఆయన ప్రాణాలు టైరుకూ రేకుకూ మధ్య మిగిలిన ఆ నాలుగు వేళ్ల సందులోనే ఉన్నాయి. మొగిలయ్య, రాయమల్లు కలిసి పది గజాలు తోశారు.

కిక్కురుమనలేదు.

సుగుణ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మా తమ్ముడు కారుల పోతాండు," అంది చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా. తరువాత మొగుడి వైపు ప్రేమగా చూసింది. అలాంటి చూపు చూసి ఎన్నేళ్లయిందో లక్ష్మీనారాయణకు గుర్తే లేదు. ఆయన ఛాతీ ఉబ్బింది. వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చుని, ఉత్తపుణ్యానికే రెండుసార్లు హారన్ కొట్టాడు.

అంతలో షెడ్డు వెనుక నుంచి యాకయ్య తలపాగా చుట్టుకుంటూ వచ్చాడు.

"యాకయ్యా, తొవ్వల మళ్ల ఆగవు గద?" అని అడిగింది సుగుణ.

"ఆ చప్పుడు లేకుంటే ఎందుకు ఆగుతయమ్మా. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

"నేను స్టీరింగ్ పట్టుకుంట. నువ్వు ముందలి సంగతి చూడు," అన్నాడు లక్ష్మీనారాయణ దర్జాగా.

యాకయ్య బంపరుకు ఎడ్లను కట్టాడు.