చదవరాని చోటు

దేవకి గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. చేతులు బియ్యంలో ఉన్నా, కళ్లు మాత్రం ముందుగదిలోని కంప్యూటర్ తెర మీదే.

కరీంనగర్‌లో ఆమె భర్త ప్రేమ్‌సాగర్‌రావుకు ఇల్లూ అదే, ఆఫీసూ అదే. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుందని ఒకే సంగతిని రెండు డిస్కుల మీద రాసే మెషిన్ పెట్టాడు. రెయిడ్ అంటాడు దాన్ని.

అందులో ఒకటి పోనే పోయింది. కొత్త డిస్కు పెట్టి, మిగిలిన పాతదాని నుంచి నకలు మొదలుపెట్టి, పని మీద హైదరాబాద్ వెళ్లాడు.

ఇప్పుడు ఆ పాతది కూడా టిక్కుటిక్కుమంటోంది. చదవలేకపోయానంటూ తెర మీద ఎర్రటి వరసలు.

ఫోన్ చేస్తే, ముట్టుకోవద్దన్నాడు. ఆపితే మొత్తం పోతుందట. చదవరాని చోటు వదిలేసి అదే ముందుకు పోతుందట. ఆఫీసు ఫైళ్లకు వేరే నకళ్లున్నాయి, ఫికర్ చెయ్యకన్నాడు.

దేవకి ఫికరు ఆఫీసు ఫైళ్ల గురించి కాదు.

మంథనిలో తల్లి రాధాబాయి పోయినప్పుడు దేవకి టైఫాయిడ్‌తో ఆసుపత్రి మంచం మీద ఉంది. ఆఖరి చూపు దక్కలేదు. శవం పక్కన ఎవరో ఊరామె శోకం తీస్తుంటే అన్న టేప్‌రికార్డర్ పెట్టాడు. పెళ్లిపీటల మీది చీర రంగు నుంచి, చివరి రోజుల్లో నోటికి సయించిన చింతచిగురు పప్పు దాకా, తల్లి బతుకంతా ఉంది ఆ ఏడుపులో.

క్యాసెట్ నలిగిపోతుంటే ప్రేమ్‌సాగర్‌రావు దాన్ని మెషిన్‌లోకి ఎక్కించాడు. తర్వాత టేపు తెగిపోయింది; ఇంకో నకలు లేదు. ఇల్లు మరీ బోసిపోయిన మధ్యాహ్నాల్లో దేవకికి తోడు అదొక్కటే.

గేటు చప్పుడైంది. గుడ్డసంచి పట్టుకుని ఒక ముసలామె.

"రాధాబాయి బిడ్డవేనా?"

"అవునవ్వా. ఎవలు నువ్వు?"

"మంథని దిక్కుదాన్ని. మీ అవ్వ ఎరుకే నాకు. మాపటి బస్సుకు భివండి పోతున్న, కొడుకు తానికి. ఇగ మల్ల రాను. నిన్ను జూసి, మీ అవ్వ ముచ్చట జర చెప్పిపోదామని."

సాయం అడగవచ్చేవాళ్లంతా ముందు అమ్మ పేరే ఎత్తుతారు అనుకుంది దేవకి. లోపల డిస్కు మళ్లీ టిక్కుమంది.

"జర ఆగవ్వా. నా పానం గీడ లేదు, గా మిషన్ కాడ ఉంది."

లోపలికి రమ్మంటే రాలేదు. గడప తొక్కకుండా అరుగు మీదే కూర్చుంది. కాసేపటికి, అయిందా బిడ్డా అని అడిగింది.

"సప్పుడు జెయ్యకవ్వా జర."

ముసలామె మళ్లీ నోరు తెరవలేదు.

ఎండ అరుగు దిగేవేళకు నకలు పూర్తయింది. దేవకి ముందుగా తల్లి ఫైలు తెరిచింది. తెరుచుకోలేదు. మళ్లీ ప్రయత్నించింది. రాలేదు.

మళ్లీ భర్తకు ఫోన్ చేసింది.

"అది చదవరాని చోట్లనే పడ్డట్టుంది దేవకీ. ఇగ రాదు."

రిసీవర్ పెట్టేసి దేవకి కిటికీ పట్టుకుని నిలబడింది. ముసలామె లేచి, సంచి చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్లిపోతోంది. ఒక్క మాట లేదు.

ఆమెకు ఎదురుపడి పలకరించి, పనిమనిషి లింగవ్వ లోపలికి వచ్చింది. లింగవ్వది కూడా మంథనే.

దుఃఖం ఎవరి మీద చూపాలో తెలియక దేవకి విసుక్కుంది.

"గంతసేపు కూసున్నది. పోయొస్త అని ఒక్క మాటన్న అన్లే."

"ఆమె ఏ ఇంట్ల అనదమ్మా, అలవాటు తప్పింది."

"ఎందుకనదు?"

లింగవ్వ చీపురు అందుకుంటూ మామూలుగానే చెప్పింది.

"చావు ఇంట్ల పోయొస్త అంటరా ఎవలన్న? కొమురవ్వకు జన్మంత గా ఇండ్లల్లనే పాయె. మీ అవ్వకు శోకం తీసింది గూడ ఆమెనే గదా."