డిపో గోడ ముందు

కొండ కింది డిపోలో మూత్రశాల గోడ పచ్చదీపం వెలిగిస్తే తప్ప ఏ డ్రైవరుకీ బస్సు తలుపు తెరుచుకోదు. సూది లేదు, గొట్టం లేదు. ఎదుట నిలబడితే చాలు, ధార వేగాన్నీ, లోపల మిగిలినదాన్నీ కొలిచి, డ్రైవరు ఆరోగ్యాన్ని గోడే తేలుస్తుంది. వరుసగా మూడు రోజులు పచ్చదీపం రాని మనిషి ఇక ఘాట్ రోడ్డు మీద బస్సు నడపడానికి లేదు. రెండు రోజులుగా ఎర్రదీపమే చూసిన కూర్మారావుకి ఇది మూడో ఉదయం.

ధార జోరుగా రావాలని రెండు సీసాల నీళ్ళు తాగి, మూడు గంటలు ఉగ్గబట్టుకుని వచ్చాడు. ఉగ్గబట్టడం అతనికి కొత్త కాదు. ముప్పై రెండేళ్ళుగా మలుపు మలుపునా చేసిన పనే.

"బాగా నిండినాది కదా బావా, ఇయ్యేళ గోడ కొట్టుకుపోవాల!" అన్నాడు కండక్టరు గవరయ్య.

"నవ్వించకురా, ఇక్కడే అయిపోతాది," అన్నాడు కూర్మారావు.

వెళ్ళి నిలబడ్డాడు. ధార సన్నగా మొదలై, తడబడి, ఆగిపోయింది.

"మితిమీరి నిండిన సంచికి పిండే బలం ఉండదు," అంది గోడ మెల్లగా. "ఎన్నాళ్ళుగా ఇలా ఆపుకుంటున్నారు?"

"స్టీరింగు పట్టిన కాణ్నించీ, తల్లీ. మద్దెలో బండి ఆపితే జనం తిడతారు మరి."

ఎర్రదీపం వెలిగింది. బయట అతని బస్సును వేరెవరో స్టార్టు చేశారు. గవరయ్య తల దించుకుని, పరుగున వెళ్ళి ఎక్కాడు.

కూర్మారావు అక్కడే నిలబడ్డాడు. పొత్తికడుపు ఇంకా బరువుగానే ఉంది. ఇక దేనికోసమూ ఆపుకోనక్కరలేదు. అయినా రావడం లేదు.