గుమ్మం మీద డబ్బా

సెల్ టవర్లన్నీ పీకేశాక వాటి పవర్లన్నీ మా ఆవిడ వకుళకొచ్చాయి. ఇప్పుడు ఫోన్ మాటలు ఇంటి నుంచి ఇంటికి అందుకుంటూ వెళ్తాయి; అందుకే ప్రతి గుమ్మం మీదా ఒక డబ్బా ఉంటుంది. అమలాపురంలో మా సందుకి మాదే మొదటి ఇల్లు కాబట్టి, సందు కబుర్లన్నీ మా గుమ్మం దాటే రావాలి. నెట్‌వర్కంటే ఇరుగుపొరుగుతో నెట్టుకొచ్చే వర్కే!

ఇవాళ పొద్దున ఎదురింటి తాయారు వదిన మా ఆవకాయలో ఉప్పు చాల్లేదంది. అంతే, మా ఆవిడ డబ్బా స్విచ్చి కట్టేసింది. సందులో సిగ్నల్ పోయి సిగపట్లు మొదలయ్యాయి.

"ఉప్పు సరిపోయిందని ఆవిడ ఒప్పుకునేదాకా వెయ్యను," అంది.

సాయంత్రం చూస్తే తాయారు వదిన ఫోన్ పైకెత్తి సందంతా తిరుగుతోంది. నేను వెళ్లి సంగతి కనుక్కొచ్చి వకుళకి చెప్పాను.

"పుణెలో వాళ్లమ్మాయికి నెల ముందే నొప్పులొచ్చాయట. మధ్యాహ్నం పక్క సందాయన కబురు మోసుకొచ్చాడు. ఆ తర్వాత ఏమైందో తెలీదు. పక్క సందు డబ్బాలు మన ఫోన్లని పట్టించుకోవుగా!"

"అయ్యో! నన్నడిగితే ఆవిడ నోటి ముత్యాలు రాలతాయా?" అంటూనే వకుళ స్టూలెక్కి డబ్బా వేసేసింది.

ఎదురింట్లో ఫోన్ మోగింది. కాసేపు ఏడుపు, తర్వాత నవ్వు వినిపించాయి. తాయారు వదిన పంచదార డబ్బాతో పరుగెత్తుకొచ్చి, స్టూలు మీదున్న మా ఆవిడ నోట్లో గుప్పెడు పోసింది.

"మనవరాలు! ఇద్దరూ క్షేమం!"

మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ తీరిగ్గా చప్పరించింది.

"ఇందులోనూ ఉప్పు చాల్లేదు వదినా."