సముద్రం దాటిన కోళ్లు

కోడికి దేశం ఉంటుందా?

ఇనుపజాలీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని డేవిడ్‌రాజు తనను తాను ప్రశ్నించుకున్నాడు. జాలీకి అవతల తెల్లకోళ్లు నేలను గీరుతున్నాయి. ఏదో క్రైస్తవ మిషను పంపగా ఓడలో విశాఖపట్నం చేరి, రైలులో కొత్తవలస వచ్చిన కోళ్లు. తెగులు లేదని తేలేదాకా అవి ఈ పశువైద్య ఆవరణలోనే ఉండాలి. తాము పరాయివాళ్లమన్న సంగతి వాటికి తెలియదు. తెలియనివాడు పరాయివాడెలా అవుతాడు? కంచె కట్టినవాడు ఎవరు పరాయివాడో ముందే తేల్చుకుని ఉంటాడు.

"బావా."

భార్య లీలారాణి. బొబ్బిలిలో పుట్టింట పురుడు పోసుకుని, పసివాడితో మొదటిసారి వచ్చింది. ఆవరణ చుట్టూ వేసిన సున్నం గీత దగ్గర ఆగింది.

"గీత దాటకు లీలా."

"దాటన్లే. అక్కణ్ణించే సూసుకో. నీ ముక్కే వచ్చినాది."

డేవిడ్‌రాజు చూశాడు. అంత దూరానికి ముక్కు కనబడలేదు. తెల్లటి పొత్తిగుడ్డ మాత్రం కనబడింది.

"ఆదివారం గుళ్లో పేరెడతారు. బిడ్డని ఎవులెత్తుకుంటే ఆలే పేరు సెప్పాలి కదా. నువ్వు రాకపోతే మా నాన్నెత్తుకుంటాడట."

"ఏటి పేరెడతాడు?"

"తన పేరే. కృపానిధి. ఆ పేరుతో ఇంట్లో ఇప్పటికే ఇద్దరున్నారు. ఇకమీద అన్నానికి పిలిస్తే ముగ్గురొస్తారు."

"నేను కదల్డానికి లేదే."

"కోళ్ల కోసం కొడుకునొదిలీసినోణ్ణి నిన్నే సూశాను."

ఇంతలో డాక్టరు నరసింగరావు వచ్చాడు. ముక్కుకు రుమాలు కట్టుకుని, జాలీకి కొంచెం ఎడంగా నిలబడి కాపలాదారు నూకయ్యను పిలిచాడు.

"రాత్రి దగ్గు?"

"ఇనపళ్లేదు బాబూ."

"తిండి?"

"మెతుకు మిగల్లేదు."

"కళ్లు?"

"తేటగానే ఉన్నాయి."

డేవిడ్‌రాజు గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆదివారం..."

"అటు తిరిగి మాట్లాడవయ్యా. ఊపిరి తగులుతుంది."

డేవిడ్‌రాజు గోడవైపు తిరిగి తన మనవి గోడకు చెప్పుకున్నాడు. డాక్టరు ఓపిగ్గా విన్నాడు.

"చూడు రాజూ. కోళ్ల ప్లేగు లేదని ఆ కోళ్లకు వాళ్ల దేశం రాసిచ్చింది. వాటికి మేత వేసేవాడివి నువ్వు. మీ ఇంట్లో నాటుకోడి చచ్చింది. ఎందుకు చచ్చిందో ఎవరు రాసిచ్చారు?"

"ముసలిదైపోయి సచ్చిందండి."

"అది నువ్వంటున్నావు. కోడి అనలేదు."

ఆ మాటలోని తర్కాన్ని డేవిడ్‌రాజు కాదనలేకపోయాడు. తర్కం సరిగ్గానే ఉంది. జీవితమే దానికి సరిపడడం లేదు.

లీలారాణి గీత దగ్గరనుంచే అడిగింది. "ఆ కోళ్లనెప్పుడు పంపిస్తారండి?"

"రేపే అమ్మా. ఏ తెగులూ లేదు. విజయనగరం ఫారానికి వెళ్లిపోతాయి."

"అయితే మా ఆయన వచ్చేస్తాడా?"

"ఆయన గడువు వేరు. ఇప్పట్లో తీరదు."

"నేను బిడ్డతో గీత దాటితే?"

"దాటితే దాటావు. ఆయన దగ్గరికి మాత్రం వెళ్లకు. వెళ్తే మీ ఇద్దరికీ అదే గడువు."

కిరండోల్ లైను మీద ఇనుపరాయి రైలు వచ్చింది. పెట్టె తరువాత పెట్టె పోతుంటే లీలారాణి బిడ్డ ముఖంలోకే చూస్తూ నిలబడింది. రైలు వెళ్లిపోయాక ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"పాస్టరుగారు ఇక్కడికొచ్చి పేరెట్టొచ్చునా డాక్టరుగారూ?"

"గీత బయట నిలబడితే నాకేం అభ్యంతరం?"

"పాటలోళ్లు?"

"వాళ్లూ బయటే."

"సాలు. పేరెట్టడానికి గోడలెందుకు? తండ్రి సేతులుంటే సాలు." ఆమె కాపలాదారు వైపు చెయ్యి చాపింది. "నూకయ్య బాబాయ్, తాళంచెవి ఇలాగియ్యి."

నూకయ్య డాక్టరు వైపు చూశాడు. డాక్టరు చాలాసేపు ఆలోచించాడు. ఇవ్వకూడదని రూల్సులో ఎక్కడా లేదు. నూకయ్య మొలతాడునుంచి తాళంచెవి విప్పి ఇచ్చాడు.

లీలారాణి ఆవరణలో తిరుగుతున్న తెల్లకోళ్లను తప్పించుకుంటూ నడిచి, భర్తను పెట్టిన బోను తెరిచి, బిడ్డతో లోపలికి వెళ్లింది.